కొట్టు మారుస్తారా, సరుకు మారుస్తారా?

2024 జనవరి మొదటి వారంలో ఫ్రాన్స్‌లోని కార్ఫూర్ సూపర్‌మార్కెట్లలో చిప్స్, కూల్‌డ్రింకుల అరల దగ్గర చిన్న చిన్న కాగితాలు అంటించి కనిపించాయి. ధర ఒప్పుకోలేనంతగా పెంచారు కాబట్టి ఈ బ్రాండును ఇక అమ్మడం లేదని వాటి సారాంశం. పెప్సీ, లేస్, డోరిటోస్, సెవెనప్ అన్నీ ఆ జాబితాలోకి వెళ్లాయి. ఇటలీ, స్పెయిన్, బెల్జియంలలోని కార్ఫూర్ దుకాణాల్లోనూ అదే జరిగింది. ముందు సరఫరా ఆపింది తామేనని ఆ బ్రాండ్ల కంపెనీ పెప్సికో బదులిచ్చింది. మూడు నెలలు ఎవరూ తగ్గలేదు. ఏప్రిల్ మొదట్లో రాజీ కుదిరి, సరుకు మళ్లీ అరల మీదికి వచ్చింది.

ఆ మూడు నెలలూ రెండు వైపులా లెక్క కట్టింది ఒక్క విషయమే. లేస్ కోసం వచ్చినవాళ్లు అది లేకపోతే ఏం చేస్తున్నారు? పక్కనున్న ఇంకో చిప్స్ ప్యాకెట్టు బుట్టలో వేసుకుని బిల్లు కట్టి వెళ్లిపోతున్నారా, లేక బుట్ట అక్కడే వదిలేసి వేరే సూపర్‌మార్కెట్టుకు పోతున్నారా? మొదటిదైతే నష్టం పెప్సికోది. రెండోదైతే నష్టం కార్ఫూర్‌ది. ఆ నష్టం చిప్స్‌తో ఆగదు, అదే బుట్టలో పడాల్సిన పాలు, రొట్టె, సబ్బు, మాంసం కూడా చేజారిపోతాయి. సూపర్‌మార్కెట్లకూ బ్రాండ్లకూ మధ్య ప్రపంచమంతటా నడిచే పోరులో ప్రకటనలు, సొంత బ్రాండ్లు, అరల మీద చోటు, ఉమ్మడి కొనుగోళ్లు, ప్యాకెట్టు సైజులు ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబును తమవైపు తిప్పుకోవడానికి చేసే ప్రయత్నాలే.

జవాబు సరుకును బట్టి మారుతుంది. ఉప్పు, పంచదార, గుడ్లు, టిష్యూ పేపరు లాంటి వాటిలో జనం బ్రాండు కోసం వీధి దాటరు. పసిపిల్లల పాలపొడి విషయంలో తప్పకుండా దాటుతారు, పిల్లకు పడిన డబ్బాను మార్చే ధైర్యం ఏ తల్లీ చేయదు. రోజూ తాగే కాఫీ పొడి, టీ పొడి కూడా చాలావరకు ఈ రెండో గుంపులోనే ఉంటాయి. కాబట్టి ఒక కంపెనీ చేతిలో ఇలాంటి సరుకు ఒక్కటైనా ఉంటే, దాన్ని అడ్డం పెట్టుకుని మిగతా నాలుగింటికీ అరల మీద చోటు సంపాదిస్తుంది.

2016 అక్టోబరులో బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్టు గొలుసు టెస్కోకూ, సబ్బులు, ఆహార సరుకులు చేసే యూనిలీవర్‌కూ మధ్య ఇదే ఆట బయటపడింది. బ్రెగ్జిట్ ఓటు తర్వాత పౌండు పడిపోయిందని, దిగుమతి ఖర్చు పెరిగిందని చెప్పి యూనిలీవర్ సుమారు 10 శాతం ధర పెంచమంది. టెస్కో ఒప్పుకోలేదు. యూనిలీవర్ సరుకులు టెస్కో వెబ్‌సైటు నుంచి మాయమయ్యాయి. అందులో రొట్టె మీద రాసుకునే మార్మైట్ ఉంది. అది ఇంగ్లండ్‌లోని బర్టన్‌లోనే తయారవుతుంది, దానికి పౌండు పడిపోవడంతో పనేమిటని పత్రికలు అడిగాయి. ఒక్క రోజులోనే రాజీ కుదిరింది. పెద్ద చర్చంతా మార్మైట్ చుట్టూ నడిచింది కానీ, అసలు బేరం ఆ కంపెనీ అమ్మే డజన్ల కొద్దీ సరుకులన్నిటి మీదా.

బిల్లులో కనపడని ధర

సూపర్‌మార్కెట్టు బ్రాండుకు ఇచ్చే ధర అంటే ఇన్‌వాయిస్ మీద రాసే అంకె అని బయటివాళ్లు అనుకుంటారు. అది సగం మాత్రమే. రెండో సగం ఇన్‌వాయిస్ తర్వాత మొదలవుతుంది. కొత్త సరుకును అర మీద పెట్టడానికి లిస్టింగ్ ఫీజు. ర్యాకు చివర, దారికి ఎదురుగా ఉండే చోటుకు వేరే అద్దె. పండగ ఆఫర్ల ఖర్చులో వాటా. ఏడాదికి ఇంత అమ్మితే ఇంత వెనక్కి ఇవ్వాలన్న వార్షిక తగ్గింపు. గడువు తీరిన సరుకు, పగిలిన సీసాలు, తక్కువ వచ్చిన పెట్టెల పేరుతో కోతలు.

ఒక ఊహా లెక్క చూడండి. చిన్న పచ్చళ్ల కంపెనీ ఒకటి సూపర్‌మార్కెట్టు గొలుసులోకి వెళ్లాలనుకుంది. పన్ను పక్కన పెట్టి, సీసా అమ్మకం ధర 100 రూపాయలనుకుందాం. దుకాణం మార్జిన్ 25. సరుకు చేరవేసే డిస్ట్రిబ్యూటరుకు 6. ఆఫర్ల వాటా 5. గడువు తీరినవీ పగిలినవీ కలిపి 3. లిస్టింగ్ ఫీజును మొదటి ఏడాది అమ్మకాల మీద పంచితే ఇంకో 4. చేతికి వచ్చేది 57. అందులో మామిడికాయ, నూనె, కారం, సీసా, మూత, లేబుల్, కూలీ అన్నీ పోవాలి. ఇంటి దగ్గర నేరుగా అమ్మినప్పుడు 100కు 100 చూసినవాళ్లు ఈ 57ను ముందుగా కాగితం మీద రాసుకోకుండా ఒప్పందం మీద సంతకం పెడితే, అమ్మకం పెరిగే కొద్దీ నష్టమే పెరుగుతుంది. చిన్న బ్రాండ్లు మునిగేది ఎక్కువగా ఇక్కడే.

మునిగే చోటు ఇంకొకటి ఉంది, అది డబ్బు చేతికొచ్చే గడువు. సూపర్‌మార్కెట్టు ఒక సరుకును 12 రోజుల్లో అమ్మేసి, కంపెనీకి 45వ రోజున డబ్బు కడుతుందనుకుందాం. మధ్యలో 33 రోజులు ఆ సొమ్ము దుకాణం దగ్గరే తిరుగుతుంది. రోజుకు కోటి రూపాయల సరుకు కొనే గొలుసుకు ఇది 33 కోట్ల వడ్డీ లేని అప్పు, కొత్త దుకాణాలు చాలావరకు ఆ డబ్బుతోనే లేస్తాయి. అప్పిచ్చింది బ్యాంకు కాదు, సరుకు పంపినవాళ్లు. యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం తెచ్చి, తమకన్నా చిన్న సరఫరాదారులకు త్వరగా పాడయ్యే ఆహార సరుకుకు 30 రోజుల్లో, మిగతా ఆహార సరుకుకు 60 రోజుల్లో డబ్బు కట్టాలంది. మన దేశంలో సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు. చిన్న తయారీదారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ నంబరును ప్రతి ఇన్‌వాయిస్ మీదా అచ్చు వేయించడం అందుకే ముఖ్యం. రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ గడువు అడగడం కష్టం.

పెద్ద కంపెనీలకు కోతలు వేరే రూపంలో వస్తాయి. సరుకు చెప్పిన రోజున, చెప్పినంత చేరాలనే నియమాన్ని అమెరికా గొలుసు వాల్‌మార్ట్ 2017లో పెట్టింది. అలా చేరాల్సిన సరుకు వాటాను 2020లో 98 శాతానికి పెంచింది. ఆలస్యమైన లేదా తగ్గిన పెట్టెల విలువలో 3 శాతం జరిమానా. మూడు శాతమే కదా అనిపిస్తుంది. కానీ సబ్బులు, బిస్కెట్ల కంపెనీల్లో ఒక్కో సరుకు మీద మిగిలేది కూడా పది, పన్నెండు శాతమే ఉంటుంది కాబట్టి ఆ కోత లాభంలో నాలుగో వంతును తినేయగలదు. దాని నుంచి తప్పించుకోవడానికి కంపెనీలు గోదాముల్లో అదనపు నిల్వ పెట్టుకుంటాయి. అంటే దుకాణం గోదాము ఖర్చు బ్రాండు మీదికి జరిగింది.

వెనక నుంచి వచ్చే ఈ డబ్బు దుకాణానికీ మత్తు లాంటిదే. 2014లో టెస్కో తన లాభాన్ని 26 కోట్ల 30 లక్షల పౌండ్లు ఎక్కువ చూపినట్టు ఒప్పుకుంది. సరఫరాదారుల నుంచి ఇంకా రాని, రావాల్సిన సమయం కూడా కాని వసూళ్లను ముందే ఆదాయంగా రాసుకోవడం దానికి కారణం. అమ్మకాలు తగ్గుతున్న కొద్దీ ఆ లోటును సరఫరాదారుల దగ్గరి వసూళ్లతో పూడ్చుకునే అలవాటు బలపడింది. టెస్కో సరఫరాదారుల బకాయిలను కావాలని ఆలస్యం చేసిందని 2016 జనవరిలో బ్రిటన్ కిరాణా నియమావళి అధికారి తేల్చారు. పెద్ద సూపర్‌మార్కెట్ల మీద అలాంటి అధికారిని 2013లోనే నియమించుకోవడం బ్రిటన్ చేసిన మంచి పని. సరఫరాదారు పేరు బయటపెట్టకుండా ఫిర్యాదు చేయగలగడం అందులో అన్నిటికన్నా విలువైన భాగం, ఎందుకంటే ఫిర్యాదు చేసినవాడి సరుకు మర్నాడే అర మీద నుంచి దిగిపోతుందన్న భయం నిజమైనది.

సొంత బ్రాండు

సూపర్‌మార్కెట్టు చేతిలో పదునైన ఆయుధం సొంత బ్రాండు. దీని లెక్కను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 100కు అమ్మే పేరున్న కెచప్ మీద దుకాణానికి ముందు వెనక కలిపి 30 మిగులుతుందనుకుందాం. దాని పక్కనే సొంత కెచప్‌ను 42కు చేయించి 70కి అమ్మితే మిగిలేది 28. శాతం చూస్తే 40, చాలా గొప్పగా కనిపిస్తుంది. రూపాయల్లో మాత్రం రెండు తక్కువే. అయినా దుకాణాలు దాని వెంట ఎందుకు పడతాయంటే, సొంత కెచప్ అర మీద నిలబడిన రోజు నుంచి పేరున్న కెచప్ కంపెనీతో బేరం మారిపోతుంది. వాళ్ల సరుకు వారం లేకపోయినా కొనేవాళ్లకు చేతికందే దూరంలో ఇంకోటి ఉంది. కొట్టు మారుస్తారా, సరుకు మారుస్తారా అన్న ప్రశ్నకు జవాబు దుకాణం వైపు తిరిగింది. పైగా ఆ 70 రూపాయల ధరను ఎదురు దుకాణంతో పోల్చి చూసే వీలు లేదు, ఆ లేబుల్ అక్కడ దొరకదు.

దీన్ని చివరిదాకా తీసుకెళ్లింది ఆల్డి. జర్మనీలోని ఎస్సెన్‌లో 1913లో ఆల్‌బ్రెక్ట్ కుటుంబం పెట్టిన చిన్న కొట్టు అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్ల్, థియో అన్నదమ్ముల చేతికి వచ్చింది. సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర తేడా వచ్చి 1960ల మొదట్లో ఉత్తర, దక్షిణ ఆల్డిలుగా విడిపోయారు. పద్ధతి మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. మామూలు సూపర్‌మార్కెట్టులో 25, 30 వేల రకాల సరుకు ఉంటే ఆల్డిలో సుమారు 2 వేలు. వాటిలో పదింట తొమ్మిది సొంత పేర్లవే.

ఆల్డి తెలివి మొత్తం ఒక అట్టపెట్టెలో కనిపిస్తుంది. సరుకు వచ్చే పెట్టెకు ముందు భాగంలో చిల్లుల గీత ఉంటుంది. దాని వెంబడి చింపితే ముందు గోడ ఊడి, పెట్టే అర అయిపోతుంది. ఒక్కో సీసా తీసి సర్దే పని లేదు. ఒక మనిషి పెట్టె చింపి, అర మీదికి నెట్టి, ఖాళీ పెట్టె తీసేస్తే అయిపోయింది. ప్యాకెట్టు మీద బార్‌కోడ్ సన్నగా మూలన ఉండదు. పెద్దగా, ఒకటికన్నా ఎక్కువ వైపుల అచ్చయి ఉంటుంది, కౌంటరు దగ్గర మనిషి ప్యాకెట్టును తిప్పి వెతకకుండా ఒకే కదలికలో లాగేయడానికి. బిల్లు అయిన సరుకు నేరుగా బండిలో పడుతుంది, సంచిలో సర్దుకునే పని కొన్నవాళ్లదే. బండి తీసుకోవాలంటే నాణెం పెట్టాలి, తిరిగి పెట్టినప్పుడు నాణెం వెనక్కి వస్తుంది, కాబట్టి బండ్లు ఏరుకొచ్చే మనిషికి జీతం ఇవ్వక్కరలేదు. ఒక్కోదానిలో మిగిలేది పైసల్లో ఉంటుంది. వేల దుకాణాల్లో రోజూ జరిగేసరికి అదే ధరలో తేడాగా మారుతుంది.

రకాలు తక్కువ కావడంలో ఇంకో లాభం ఉంది. కెచప్ రకాలు ముప్పై ఉంటే అమ్మకం ముప్పై చోట్లకు చీలుతుంది. ఒకటి, రెండే ఉంటే ఆ అమ్మకమంతా ఒక ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఆ ఫ్యాక్టరీ యంత్రాన్ని ఆపకుండా, సీసా సైజు మార్చకుండా, లేబుల్ మార్చకుండా రోజుల తరబడి నడుపుతుంది. యంత్రం ఆపి కడిగి మళ్లీ మొదలుపెట్టడంలో పోయే గంటలు తయారీలో పెద్ద ఖర్చే. మొత్తం పరిమాణంలో ఆల్డికన్నా పెద్దదైన గొలుసు కూడా ఒక్క రకం కెచప్ మీద దానికన్నా చిన్న కొనుగోలుదారు కావచ్చు. బ్రిటన్ పెద్ద సూపర్‌మార్కెట్లు దీన్ని చాలా ఏళ్లు పట్టించుకోలేదు. 1990లో అక్కడ అడుగుపెట్టిన ఆల్డి 2022 సెప్టెంబరు నాటికి మారిసన్స్‌ను దాటి నాలుగో స్థానానికి వచ్చింది.

సొంత బ్రాండుకు ప్రమాదమూ ఉంది. పేరున్న బ్రాండులో తప్పు జరిగితే కంపెనీ పేరు పోతుంది. సొంత బ్రాండులో జరిగితే దుకాణం పేరే పోతుంది. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ పరీక్షల్లో టెస్కో చవక రకం గొడ్డుమాంసం బర్గరులో 29 శాతం గుర్రం మాంసం తేలింది. చేసింది వేరే ఫ్యాక్టరీ అయినా, పత్రికల్లో క్షమాపణ చెప్పుకోవాల్సింది టెస్కోయే. రెండో ప్రమాదం పోలిక. పేరున్న ప్యాకెట్టు రంగులు, ఆకారం చూసి దగ్గరగా చేస్తే సరుకు తొందరగా కదులుతుంది కానీ కోర్టుకు ఎక్కుతుంది. నిమ్మరుచి సైడర్ (ఆపిల్ రసంతో చేసే మద్యం) డబ్బా విషయంలో 2025 జనవరిలో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు థాచర్స్ కంపెనీ పక్షాన, ఆల్డికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పోలిక ఎంతవరకు ఉండొచ్చన్న గీత దాంతో బాగా వెనక్కి జరిగింది.

సరిహద్దు దాటితే బలం సగమే

ప్రపంచంలో అందరికన్నా పెద్ద చిల్లర వ్యాపారి ఏ దేశంలోనైనా చవకగా అమ్మగలడు అన్నది వినడానికి సహజంగా ఉంటుంది. జర్మనీలో వాల్‌మార్ట్ అనుభవం దాన్ని తలకిందులు చేసింది. 1997లో వెర్ట్‌కాఫ్ దుకాణాలు, మరుసటి ఏడాది ఇంటర్‌స్పార్ దుకాణాలు కొని మొదలుపెట్టింది. 2006లో 85 దుకాణాలను జర్మన్ వ్యాపార సంస్థ మెట్రోకు అమ్మి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర నవ్వుతూ పలకరించే ఉద్యోగులు జర్మన్లకు నచ్చలేదన్న కథే ఎక్కువమంది చెబుతారు. అది చిన్న కారణం. పెద్ద కారణం సరుకు కొనే చోట ఉంది. అమెరికాలో ఎంత కొన్నా, జర్మన్ పాలు, జర్మన్ రొట్టె, జర్మన్ సాసేజ్ కొనే దగ్గర వాల్‌మార్ట్ చిన్న కొట్టే. అక్కడ అసలు పెద్దలు ఆల్డి, లిడ్ల్, ఎడెకా. ధర తగ్గించి జనాన్ని లాగుదామంటే, కొన్న ధరకన్నా తక్కువకు పాలు, వెన్న అమ్ముతున్నారని 2000లో జర్మన్ పోటీ వ్యవహారాల కార్యాలయం వాల్‌మార్ట్‌తోపాటు ఆల్డి, లిడ్ల్‌లనూ ఆపింది. అమెరికాలో దానికి అలవాటైన దారి అక్కడ మూసుకుపోయింది.

బ్రాండ్లకు మాత్రం సరిహద్దులు లాభం. ఒకే చాక్లెట్, ఒకే బీరు పక్కపక్క దేశాల్లో వేర్వేరు ధరలకు అమ్మొచ్చు, చవక దేశం సరుకు ఖరీదైన దేశంలోకి జారకుండా చూసుకుంటే చాలు. బెల్జియం బీరు జూపిలర్ నెదర్లాండ్స్‌లో చవక. నెదర్లాండ్స్‌కు పంపే డబ్బాల మీద నుంచి దాని యజమాని ఏబీ ఇన్‌బెవ్ ఫ్రెంచి భాషలో ఉండాల్సిన వివరాలను తీసేసింది. ఫ్రెంచి లేని డబ్బాను బెల్జియంలోని ఫ్రెంచి మాట్లాడే ప్రాంతాల్లో అమ్మడానికి చట్టం ఒప్పదు. అంటే ఒక భాష చెరిపేసి సరిహద్దు కట్టారు. యూరోపియన్ కమిషన్ 2019లో 20 కోట్ల యూరోల జరిమానా వేసింది. చాక్లెట్లు, బిస్కెట్లు, కాఫీ దేశాల మధ్య తిరగకుండా అడ్డుకున్నందుకు 2024 మేలో మాండలీజ్ మీద పడిన జరిమానా 33 కోట్ల 75 లక్షల యూరోలు.

దీనికి విరుగుడుగా సూపర్‌మార్కెట్లు దేశాలు దాటి కలిసి కొనడం మొదలుపెట్టాయి. ఫ్రాన్స్‌లోని లెక్లెర్క్, జర్మనీలోని రేవే కలిసి బ్రస్సెల్స్‌లో యూరెలెక్ పేరుతో ఉమ్మడి కొనుగోలు కేంద్రం పెట్టుకున్నాయి. ఆహార బ్రాండ్లు, సూపర్‌మార్కెట్లు ఏటా మార్చి 1 లోపు ధరలు తేల్చుకోవాలన్నది ఫ్రాన్స్ చట్టం. బ్రస్సెల్స్‌లో కూర్చుని బేరమాడితే ఆ చట్టం తమకు వర్తించదని ఉమ్మడి కేంద్రాలు అంటే, ఫ్రాన్స్‌లో అమ్మే సరుకుకు వర్తిస్తుందని ప్రభుత్వం అంటోంది. ఈ గొడవ ఇంకా చాలా కాలం నడిచేదే.

ఎమ్మార్పీ, ఫ్రిజ్

మన దేశంలో ఈ పోరు వేరే మైదానంలో జరుగుతుంది. కారణం ప్యాకెట్టు మీద అచ్చయ్యే ఎమ్మార్పీ. యూరప్‌లో దుకాణం ఇంతకే అమ్మాలని కంపెనీ శాసిస్తే చట్టవిరుద్ధం. ఇక్కడ పైకప్పు ధరను కంపెనీయే వేయాలని చట్టమే చెబుతుంది. కిరాణా కొట్టు ఆ ధరకు అమ్ముతుంది, డీమార్ట్ దానికన్నా తక్కువకు అమ్ముతుంది. కొనేవాళ్ల చేతిలో ఉన్న ప్యాకెట్టే రెండు కొట్ల మధ్య తేడాను చూపిస్తుంది. అందుకే డీమార్ట్‌కు పెద్దగా ప్రకటనల అవసరం రాలేదు. ముంబైలోని పొవాయ్‌లో 2002లో మొదలైన ఆ గొలుసు యూరప్ పద్ధతికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. సరఫరాదారుకు వారం, పది రోజుల్లో డబ్బు కట్టి, దానికి బదులు ధర తగ్గించుకుంటుంది. దుకాణాలు చాలావరకు అద్దెవి కావు, సొంతవి. హైదరాబాదులో, కోస్తా పట్టణాల్లో ఊరి అంచున దాని దుకాణాలు కనిపించడానికి కారణం అదే. స్థలం కొనగలిగిన ధర అక్కడే ఉంటుంది.

ఇబ్బంది డిస్ట్రిబ్యూటరుకు వచ్చింది. కంపెనీ తనకిచ్చే ధరకన్నా పెద్ద గొలుసులకు, ఆన్‌లైన్ టోకు వ్యాపారులకు చవకగా ఇస్తే, కిరాణా కొట్టు అతన్ని వదిలేసి నేరుగా అక్కడే కొనుక్కుంటుంది. 2021 చివర్లో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు ఈ తేడా మీదే కొన్ని పెద్ద కంపెనీల సరుకు తీసుకోమని నిరసనకు దిగారు. వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. పల్లెల్లో అప్పు మీద సరుకు పంచి, పాడైనవి వెనక్కి తీసుకుని, కంపెనీ దగ్గర క్లెయిముల కోసం నెలల తరబడి తిరిగేది వాళ్లే. ఆ పనికి ఆన్‌లైన్ యాప్ ఎప్పుడూ ధర కట్టలేదు.

కిరాణా కొట్టులో అర ఎవరిది అన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు కూల్‌డ్రింకుల ఫ్రిజ్. అద్దం తలుపు, లోపల దీపం, పైన కంపెనీ పేరు. చాలా చోట్ల దాన్ని కంపెనీయే ఇస్తుంది, తమ సీసాలే పెట్టాలన్న షరతుతో. కరెంటు బిల్లు మాత్రం కొట్టువాడిది. మే నెల మధ్యాహ్నం చల్లగా లేని సీసాను ఎవరూ కొనరు కాబట్టి ఫ్రిజ్‌లో చోటు లేని బ్రాండు ఆ వీధిలో లేనట్టే. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లాక పుట్టిన థమ్సప్‌ను, తిరిగి వచ్చాక 1993లో అదే కోకాకోలా కొనుక్కుంది. తెలుగు జనానికి ఆ ఘాటు ఎంత అలవాటంటే, కొట్లో లేదంటే ఇంకో కొట్టుకు వెళ్తారు. రిలయన్స్ 2022లో పాత క్యాంపా బ్రాండును కొని, 2023 మార్చిలో మార్కెట్లోకి తిరిగి తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతోనే మొదలుపెట్టింది. 200 మిల్లీలీటర్ల సీసా 10 రూపాయలు. ఇక్కడ నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుందన్న లెక్క అందులో ఉండి ఉండాలి. రిలయన్స్‌కు సొంత దుకాణాల అరలు ఉన్నాయి, సొంత బ్రాండుగా అక్కడ పెట్టుకోవడం తేలిక. పోటీ అంతా వీధి చివరి కొట్టులోని ఆ ఫ్రిజ్ దగ్గరే.

పేరు లేని సరుకు

2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించగానే అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు తెలుగువాళ్లు వరసలు కట్టారు. 20 పౌండ్ల సోనా మసూరి సంచి ఇంటికి ఒక్కటేనని దుకాణాలు బోర్డులు పెట్టాయి. ఒక కొట్టులో లేకపోతే ఇంకో కొట్టు తిరిగారు. సంచి మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో ఎవరూ చూడలేదు, సోనా మసూరి అయితే చాలు. విధేయత బ్రాండుకు కాదు, రకానికి. అలాంటి సరుకును అమెరికన్ సూపర్‌మార్కెట్టు మార్చి ఇంకోటి పెట్టలేదు, పెడితే తెలుగు బుట్టలన్నీ ఖాళీగా వెళ్లిపోతాయి.

ఆంధ్ర రొయ్యకు ఆ అదృష్టం లేదు. 2023-24లో దేశం నుంచి 7 లక్షల 16 వేల టన్నుల గడ్డకట్టిన రొయ్యలు ఎగుమతి అయితే, అందులో 2 లక్షల 97 వేల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. దేశంలో అందరికన్నా ఎక్కువ రొయ్యలు పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. చెరువు గట్టున 60 కౌంటు అంటే కిలోకు 60 రొయ్యలు. తల తీస్తే ఒక్కోటి 10, 11 గ్రాములు తూగుతుంది, అమెరికా లెక్కలో పౌండుకు 41/50 వరసలోకి వస్తుంది. దాన్ని శుద్ధి చేసి, ఒక్కోటి విడిగా గడ్డకట్టించి, సంచిలో నింపుతారు. ఆ సంచి మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు సూపర్‌మార్కెట్టు సొంత బ్రాండు పేరు. భీమవరం పేరు ఎక్కడా ఉండదు. ఫ్యాక్టరీకి ఆహార భద్రత సర్టిఫికెట్లు, చెరువుకు సాగు పద్ధతుల సర్టిఫికెట్లు, యాంటీబయాటిక్ పరీక్షలు అన్నీ తన ఖర్చుతో చేయించుకునేది మాత్రం ఇక్కడివాళ్లే. ఒక్క కంటైనరులో నిషేధిత మందు ఆనవాలు దొరికితే సరుకంతా వెనక్కి.

2025 ఆగస్టులో భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈ పేరు లేనితనం ఖరీదు తెలిసింది. పౌండు 4 డాలర్లకు అమ్మే సరుకు అనుకుంటే సుంకమే 2 డాలర్లు. సుంకం తామే కట్టి అమెరికా గోదాములో అప్పగించే షరతుతో ఒప్పందం చేసుకున్న ఎగుమతిదారుకు ఆ 2 డాలర్లు నేరుగా తన జేబులోంచే పోతాయి. పెంచిన ధర అడిగితే కొనుగోలుదారు చేయాల్సింది ఒక ఫోన్ కాల్. ఈక్వడార్‌లో అదే వనామీ రొయ్య, అదే సైజు, అప్పట్లో చాలా తక్కువ సుంకంతో సిద్ధంగా ఉండేది. ఎగుమతిదారు చెరువు ధర తగ్గిస్తాడు. మేత, పిల్ల, కరెంటు ఖర్చు అప్పటికే పెట్టేసిన రైతు, రొయ్యను చెరువులో ఇంకో నెల ఉంచితే వైరస్ వస్తుందన్న భయంతో వచ్చిన ధరకే పట్టేస్తాడు. మొత్తం గొలుసులో వేరే కొట్టుకు వెళ్లే దారి లేనిది అతనొక్కడికే.

అమెరికాలో ఫ్రీజరు తలుపు తీసిన మనిషికి ఇందులో ఏదీ కనపడదు. సంచి రంగు అదే, ముందున్న పేరు అదే, వంట ఫొటో అదే. వెనక్కి తిప్పితే, పోషక విలువల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇండియా అని ఉన్న చోట ఈక్వడార్ అని ఉంటుంది.